వెలుగు పెరగాలి, పొగ తరగాలి
(ఆచార్య అమూల్య కుమార్ ఎన్. రెడ్డి స్మృతిలో చేసిన ప్రసంగ పాఠం)



 అమూల్య రెడ్డి గారు 1930లో బెంగళూరులో పుట్టారు. లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో ఎలక్ట్రోకెమిస్ట్రీ పరిశోధన చేశారు. శాస్త్రవేత్త జాన్ బాక్రిస్‌తో కలిసి ఆ శాస్త్రంలో ఆయన రాసిన పాఠ్యగ్రంథం ప్రపంచమంతటా తరగతి గదుల్లోకి వెళ్లింది. ఆ దారినే సాగిపోయినా ఆయన పేరుకు లోటుండేది కాదు. కానీ 1974లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ‘ఆస్ట్రా’ అనే విభాగాన్ని మొదలుపెట్టి, శాస్త్రవేత్తల చూపును పల్లెలోని పొయ్యి మీదికీ, బావి మీదికీ, దీపం మీదికీ తిప్పారు. 2006లో కన్నుమూసేదాకా ఒకే ప్రశ్న చుట్టూ పనిచేశారు: పేదవాడి బతుకు బాగుపడడానికి శక్తి ఎంత కావాలి, ఎలాంటిది కావాలి?

ఇవాళ మనల్ని పీడిస్తున్న ప్రశ్న కూడా దానికి దగ్గరిదే. ఆర్థికవృద్ధికీ కర్బన ఉద్గారాలకూ సంబంధం ఏమిటి? ఈ చర్చలో రెండు భయాలు ఎదురెదురుగా నిలబడుతున్నాయి. ఉద్గారాలు తగ్గించబోతే వృద్ధి కుంటుపడి పేదలు పేదలుగానే మిగిలిపోతారని ఒక భయం. వృద్ధి ఇలాగే సాగితే భూమి వేడెక్కి బతుకే దుర్భరమవుతుందని రెండో భయం. రెండూ నిజాయతీ గల భయాలే. అయితే వృద్ధినీ పొగనూ విడదీయలేమన్న నమ్మకం రెండింటికీ పునాది. నేను చెప్పదలచుకున్నది ఆ నమ్మకం గురించే. ఆ ముడి గట్టిదే గాని మనుషులు వేసినది. విప్పితే విడుతుంది, దానంతట అది విడిపోదు. విప్పడానికి అనువైన సమయం ఒక దేశం తన ఇళ్లనూ ఫ్యాక్టరీలనూ విద్యుత్ కేంద్రాలనూ కట్టుకునే సమయం. మన దేశం ఇప్పుడు ఆ దశలోనే ఉంది.

ముడి పడిన చోటు

రెండు వందల ఏళ్లుగా సంపద పెరిగిన ప్రతిచోటా బొగ్గు మండింది, తర్వాత చమురూ గ్యాసూ మండాయి. ఇవాళ ప్రపంచం శిలాజ ఇంధనాల వల్ల, సిమెంట్ తయారీ వల్ల ఏడాదికి సుమారు 3,700 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను గాలిలోకి వదులుతోంది. అందులో మన దేశానిది దాదాపు 300 కోట్ల టన్నులు. మొత్తంగా చూస్తే చైనా, అమెరికాల తర్వాత మూడో స్థానం మనది. తలసరి చూస్తే బొమ్మ మారిపోతుంది. సగటు భారతీయుడి వాటా ఏడాదికి సుమారు రెండు టన్నులు, అమెరికన్‌ది 14 టన్నుల దరిదాపుల్లో. పారిశ్రామిక విప్లవం నాటి నుంచి గాలిలో చేరిన మొత్తం లెక్కేస్తే అమెరికా వాటా దాదాపు నాలుగో వంతు, మన వాటా నాలుగు శాతం లోపే.

తెలుగు నేలకు ఈ కథ పరాయిది కాదు. 1871లో భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు కనిపెట్టినప్పటి నుంచి సింగరేణి గనులు దక్షిణాది రైళ్లనూ మిల్లులనూ విద్యుత్ కేంద్రాలనూ నడిపించాయి. 1980ల్లో రామగుండం ఎన్‌టీపీసీ వెలిగించిన దీపాలు ఎన్నో రాష్ట్రాలకు చేరాయి. విజయవాడ థర్మల్ కేంద్రం, విశాఖ ఉక్కు, నల్లగొండ, కడప, పల్నాడు సిమెంట్ ఫ్యాక్టరీలు మనకు కరెంటూ ఉద్యోగాలూ ఇళ్లూ వంతెనలూ ఇచ్చాయి. వీటిలో ప్రతి ఒక్కటీ కర్బనాన్ని గాలిలోకి వదులుతూనే పనిచేసింది. ఆ గనుల్లో, ఆ కొలిముల దగ్గర చెమటోడ్చిన వాళ్ల రుణం మన తరం మీద ఉంది. వాళ్ల శ్రమను తక్కువ చేసి ఈ చర్చ మొదలుపెట్టడం కృతఘ్నత.

లెక్క ఏం చెబుతోంది

జపాన్ శక్తి ఆర్థికవేత్త యోయిచి కాయా ఈ చిక్కును నాలుగు అంకెల గుణకారంగా విడమరిచారు. జనాభా, తలసరి ఆదాయం, ఒక్కో రూపాయి ఉత్పత్తికి ఖర్చయ్యే శక్తి, ఒక్కో యూనిట్ శక్తికి వెలువడే కర్బనం. ఈ నాలుగింటి గుణకారమే ఒక దేశపు ఉద్గారం. జనాభా మన దేశంలో నెమ్మదిగా స్థిరపడుతోంది. తలసరి ఆదాయం పెరగాలనే అందరి కోరిక. ఇక మిగిలినవి చివరి రెండు అంకెలు. భవిష్యత్తు అంతా వాటి మీదే ఆధారపడి ఉంది.

మన దేశం విషయంలో ఆ రెండూ కదులుతున్నాయి. 2005 నుంచి 2020 వరకు మన జీడీపీ ఉద్గార తీవ్రత, అంటే ఒక్కో రూపాయి ఉత్పత్తి వెనక ఉన్న ఉద్గారం, 36 శాతం తగ్గిందని ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి నివేదించింది. 2030 నాటికి 45 శాతం తగ్గిస్తామన్నది 2022లో మనం ఇచ్చిన మాట. ఇది గర్వపడదగ్గ ప్రగతి. అయితే ఈ అంకెను ఇంకొంచెం దగ్గరగా చూద్దాం.

పదిహేనేళ్లలో 36 శాతమంటే ఏడాదికి సుమారు మూడు శాతం తగ్గుదల. మన ఆర్థిక వ్యవస్థ ఏడాదికి ఏడు శాతం పెరుగుతుందనుకుందాం. ఒకవైపు ఏడు పెరిగి, ఇంకోవైపు మూడు తగ్గితే, మొత్తం ఉద్గారం ఏటా నాలుగు శాతానికి కాస్త తక్కువగా పెరుగుతూనే ఉంటుంది. ఆ వేగంతో పద్దెనిమిదేళ్లలో రెట్టింపవుతుంది. ఏడు శాతం వృద్ధి సాధిస్తూ ఉద్గారాలు ఇప్పుడున్న చోటే ఆగాలంటే తీవ్రత ఏటా ఆరున్నర శాతం తగ్గాలి. అంటే ఇప్పటి వేగానికి రెట్టింపు కంటే ఎక్కువ. 2070 నాటికి నికర శూన్య ఉద్గారాలు సాధిస్తామని 2021లో గ్లాస్గో సదస్సులో మన ప్రధానమంత్రి ప్రకటించారు. ఆ మాటకూ ఇప్పటి మన నడకకూ మధ్య దూరం ఎంతో ఈ చిన్న లెక్కే చెబుతుంది. తీవ్రత తగ్గిందని సంతోషించాలి, అక్కడితో తృప్తి పడకూడదు. వాతావరణానికి శాతాలు తెలియవు, టన్నులే తెలుసు.

దానంతట అదే తగ్గుతుందా?

దేశాలు సంపన్నమయ్యాక కాలుష్యం దానంతట అదే తగ్గుతుందని ఒక సిద్ధాంతం ఉంది. ఆదాయ అసమానతల మీద ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్ 1950ల్లో చేసిన పరిశీలనను ఒరవడిగా తీసుకుని, 1990ల్లో ఆర్థికవేత్తలు పర్యావరణానికీ అలాంటి గోపురం ఆకారపు గీత గీశారు. ఆదాయంతో పాటు కాలుష్యం మొదట పెరిగి, ఒక శిఖరానికి చేరి, తర్వాత దిగుతుందని దాని సారాంశం. ఊరి గాలిని మసి కమ్మినప్పుడు ఈ వాదనలో కొంత నిజం కనిపిస్తుంది. మసి కళ్లకు కనబడుతుంది, దగ్గు తెప్పిస్తుంది, ఓటర్లు నిలదీస్తారు. కార్బన్ డయాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. ఇక్కడ వదిలితే ప్రపంచమంతా పంచుకుంటుంది. కాబట్టి దాన్ని తగ్గించమని ఆదాయం ఒక్కటే ఎవరినీ ఒత్తిడి చేయదు.

మరి తగ్గించిన దేశాలు ఎలా తగ్గించాయి? 1882లో లండన్ హోల్‌బోర్న్‌లో బొగ్గుతో కరెంటు తీయడం మొదలుపెట్టిన బ్రిటన్, 2024 సెప్టెంబర్ 30న తన చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని మూసేసింది. 1990తో పోలిస్తే ఆ దేశపు గడ్డ మీది ఉద్గారాలు సగానికి పైగా తగ్గాయి. అదే కాలంలో ఆర్థిక వ్యవస్థ దాదాపు 80 శాతం పెరిగింది. స్వీడన్ 1991లోనే కర్బన పన్ను వేసి, ఆర్థికంగా పెరుగుతూనే ఉద్గారాలు తగ్గించుకుంది. ముడి విడదీయవచ్చనడానికి ఇవి సాక్ష్యాలు. అయితే బ్రిటన్ కథలో మరో పొర ఉంది. తమ ఫ్యాక్టరీలు మూసుకుని చైనా నుంచి వస్తువులు కొనుక్కుంటే ఆ పొగ చైనా ఖాతాలో పడుతుంది. దిగుమతుల లెక్క కూడా కలిపి చూస్తే బ్రిటన్ తగ్గింపు కాస్త చిన్నదవుతుంది. అయినా తగ్గింపే. సముద్రపు గాలిమరలు, గ్యాసు, కర్బన ధర, 2008 నాటి వాతావరణ చట్టం వంటి నిర్ణయాలే దానికి కారణం. ఏ అదృశ్య శక్తీ చేసిపెట్టలేదు.

వృద్ధి ఆగిపోతే ఉద్గారాలు తగ్గుతాయన్నదీ నిజమే. 2020లో చూశాం. కోవిడ్ ఏడాదిలో ప్రపంచ ఉద్గారాలు అయిదు శాతం దాకా తగ్గాయి. ఆ అయిదు శాతానికి మన దేశం ఏ ధర చెల్లించిందో మరిచిపోలేం. నెత్తిన మూటలు, చంకన పిల్లలతో వలస కూలీలు జాతీయ రహదారుల మీద వందల మైళ్లు నడిచారు. మరుసటి ఏడాదే ఉద్గారాలు మళ్లీ లేచాయి. పనులు ఆగితే పేదవాడి కడుపు మాడుతుంది, వాతావరణానికి శాశ్వతంగా ఒరిగేదేమీ ఉండదు. వృద్ధిని ఆపాలన్న వాదనకు ఇంతకంటే కఠినమైన జవాబు అక్కర్లేదు.

అమూల్య రెడ్డి ప్రశ్న

ఇక్కడే అమూల్య రెడ్డి గారి ఆలోచన మనకు దారి చూపుతుంది. మనిషికి కావలసింది బొగ్గూ కిలోవాట్లూ కావనీ, వండిన అన్నమూ, వెలుగూ, నీళ్లూ, చల్లదనమూ, ప్రయాణమూ అనీ ఆయన పట్టుబట్టి చెప్పారు. సేవను ముందు లెక్కేయండి, దాన్ని అతి తక్కువ శక్తితో ఎలా అందించాలో తర్వాత చూడండి, ఆ శక్తి ఎక్కడి నుంచి రావాలో చివర నిర్ణయించండి అన్నారు. మన ప్రణాళికలు ఇప్పటికీ దీన్ని తలకిందులుగానే చేస్తున్నాయి. జీడీపీ ఇంత పెరుగుతుంది, కాబట్టి ఇన్ని వేల మెగావాట్లు కావాలి, కాబట్టి ఇన్ని కేంద్రాలు కట్టాలి అని లెక్క మొదలవుతుంది.

కర్ణాటకలో తుమకూరు జిల్లా పుర అనే చిన్న పల్లెలో ఆస్ట్రా బృందం ఇంటింటికీ తిరిగి శక్తి లెక్కలు తీసింది. ఊరి శక్తిలో చాలా భాగం వంటచెరకు రూపంలోనే ఉందనీ, దాన్ని ఏరి తెచ్చే భారం ఆడవాళ్ల మీదా పిల్లల మీదా పడుతోందనీ తేలింది. ఊరి పశువుల పేడతో సామూహిక గోబర్ గ్యాస్ కేంద్రం పెట్టారు. ఊరందరి వంటకూ ఆ గ్యాసు చాలలేదు. అప్పుడు దాంతో ఇంజన్ నడిపి, కరెంటు తీసి, బోరు నుంచి ఇళ్లకు నీళ్లు పంపారు, దీపాలు వెలిగించారు. పేడ ఇచ్చిన వారికి ఎరువు తిరిగి ఇచ్చారు. ఆ ఊరికి ముందుగా కావలసిన సేవ నీళ్లు. ఊరిని అడిగాకే ఆ సంగతి తెలిసింది.

1985లో ఆయన, బ్రెజిల్ శాస్త్రవేత్త జోసే గోల్డెంబర్గ్, స్వీడన్‌కు చెందిన థామస్ యోహాన్సన్, అమెరికాకు చెందిన రాబర్ట్ విలియమ్స్ కలిసి ఒక సంచలన ప్రతిపాదన చేశారు. అప్పటికి అందుబాటులో ఉన్న మంచి సాంకేతికతలు వాడితే, మనిషికి సగటున ఒక కిలోవాట్ శక్తితో 1970ల నాటి పశ్చిమ ఐరోపా జీవన స్థాయి అందించవచ్చని చూపించారు. ఆనాటి అమెరికన్ వాడకంలో అది ఎంతో చిన్న భాగం. తర్వాత కర్ణాటక విద్యుత్ ప్రణాళికకు బదులుగా ఆయన బృందం ‘డిఫెండస్’ అనే పద్ధతిలో ఇంకో ప్రణాళిక తయారుచేసింది. ప్రజల అవసరాలన్నీ తీరుస్తూనే అధికారిక అంచనాకంటే ఎంతో తక్కువ విద్యుత్‌తో, తక్కువ ఖర్చుతో పని జరుగుతుందని చూపింది.

అప్పట్లో ఇది ఆదర్శవాదుల ఊహగా కనిపించి ఉండవచ్చు. ఆ తర్వాత జరిగింది చూడండి. 60 వాట్ల బల్బు ఇచ్చే వెలుగు ఇవాళ 9 వాట్ల ఎల్‌ఈడీ ఇస్తోంది. ప్రభుత్వం టోకున కొనడం మొదలుపెట్టాక, 2014లో సుమారు 310 రూపాయలున్న ఎల్‌ఈడీ కొనుగోలు ధర రెండేళ్లలో 38 రూపాయలకు దిగింది. 36 కోట్లకు పైగా బల్బులు ఇళ్లకు చేరాయి. వెలుగు పెరిగింది, కరెంటు తగ్గింది. సౌరవిద్యుత్ కథా అంతే. 2010లో యూనిట్ పది రూపాయలు దాటిన ధర, 2017 ఏప్రిల్‌లో కడప సోలార్ పార్కు వేలంలో 3 రూపాయల 15 పైసలకు పడిపోయి అప్పటికి దేశంలోనే రికార్డయింది. ఆ తర్వాతి నెలలోనే రాజస్థాన్‌లో దాన్నీ దాటి కిందికి పోయింది. కాయా గుణకారంలోని చివరి రెండు అంకెలనూ మనం మన చేతులతోనే దించగలమని ఇవి రుజువు చేశాయి.

ఒక హెచ్చరిక మాత్రం అవసరం. 1865లోనే ఇంగ్లండ్ ఆర్థికవేత్త విలియం జెవన్స్, ఇంజన్లు పొదుపుగా పనిచేసేకొద్దీ బొగ్గు వాడకం తగ్గకపోగా పెరుగుతుందని చూపాడు. చౌకైనది ఎక్కువగా వాడుతాం. కాబట్టి పొదుపు ఒక్కటే చాలదు. పొదుపుతో పాటు శక్తి మూలమూ మారాలి.

కష్టమైన చోట్లు

అన్నీ బల్బుల్లా సులువుగా మారవు. సూర్యుడు పగలే ఉంటాడు, మన ఏసీలూ టీవీలూ రాత్రి నడుస్తాయి. 2025 నడిమికల్లా దేశపు స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతరమైంది. అయినా మనం వాడే యూనిట్లలో నాలుగింట దాదాపు మూడు వంతులు ఇప్పటికీ బొగ్గు నుంచే వస్తున్నాయి. 2024-25లో దేశపు బొగ్గు ఉత్పత్తి మొదటిసారి వంద కోట్ల టన్నులు దాటింది. ఈ అంతరం పూడాలంటే నిల్వ కావాలి. దీనికి మనకు సొంత వనరులున్నాయి. శ్రీశైలం ఎడమ గట్టు కేంద్రంలో, నాగార్జునసాగర్‌లో నీటిని తిరిగి పైకి తోడే టర్బైన్లు ఎన్నో ఏళ్ల కిందటే పెట్టుకున్నాం. నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గర 1,680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి ప్రాజెక్టు చేపట్టారు. వ్యవసాయ మోటార్లు పగటిపూట నడిస్తే నిల్వ అవసరం కొంత తగ్గుతుంది. రైతు రాత్రివేళ పాములూ షాకులూ ఉన్న పొలంలోకి వెళ్లే బాధ కూడా తప్పుతుంది.

సిమెంట్ మరీ మొండిది. వంద కిలోల సున్నపురాయిని కాలిస్తే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ రాయిలోంచే వస్తుంది, బట్టీని సౌరశక్తితో వేడిచేసినా వస్తుంది. ఫ్లైయాష్, కొలిమి చిట్టెం, కాల్చిన బంకమట్టి కలిపి, సున్నపురాయిని కాల్చి చేసే క్లింకర్ వాటా తగ్గించడమే ఇప్పటికి దగ్గరి దారి. పెద్ద కొలిముల్లో తయారయ్యే ఉక్కుకు కోకింగ్ కోల్ కావాలి. 2024 డిసెంబర్‌లో కేంద్ర ఉక్కు శాఖ టన్నుకు 2.2 టన్నుల లోపు ఉద్గారమున్న ఉక్కునే ‘గ్రీన్ స్టీల్’గా గుర్తిస్తామని ప్రమాణం పెట్టింది. ప్రభుత్వమే తన వంతెనలకూ ఆసుపత్రులకూ అలాంటి ఉక్కు, అలాంటి సిమెంట్ కొంటానంటే మార్కెట్ కదులుతుంది. ఎల్‌ఈడీ బల్బు నేర్పిన పాఠం ఇదే.

న్యాయం ఎవరి వైపు

ప్రపంచ వేదికల మీద మన దేశం అభివృద్ధి హక్కు అడుగుతుంది, అడగాలి. గాలిలోని జాగాను ఎక్కువగా ఆక్రమించిన వాళ్లు ఎక్కువగా భరించాలి. 1991లో పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఈ వాదనను లెక్కలతో ముందుకు తెచ్చారు. అయితే అదే న్యాయం ఇంటి లోపలా వర్తించాలి. ప్రపంచంలో పై పది శాతం మంది ఉద్గారాల్లో దాదాపు సగానికి కారణమని అంచనాలు చెబుతున్నాయి. మన దేశంలోనూ పెద్ద కార్ల, విమాన ప్రయాణాల, చల్లటి అద్దాల మేడల వాడకం కొందరిదే. 1999లో దీపం పథకం కింద గ్యాస్ కనెక్షన్ తీసుకున్న ఆడపడుచు వంటింటి పొగ నుంచి తప్పించుకుంది. ఆమె సిలిండర్‌ను చూపించి వాతావరణం గురించి ఉపన్యాసం చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఆమె పేదరికాన్ని అడ్డుపెట్టుకుని తన వాడకాన్ని సమర్థించుకునే హక్కూ ఎవరికీ లేదు. వేడి మాత్రం ముందుగా తగిలేది పేదలకే. 2015 మేలో వచ్చిన వడగాడ్పులకు తెలుగు రాష్ట్రాల్లో ప్రాణాలు పోగొట్టుకున్న సుమారు రెండు వేల మందిలో ఎక్కువమంది ఎండలో పనిచేసేవాళ్లు, వృద్ధులు, నీడలేని నిరుపేదలు.

న్యాయంలో రెండో సగం కొత్తగూడెం, రామగుండం, మందమర్రి, భూపాలపల్లిలో ఉంది. బొగ్గు బాయి మీద ఆధారపడింది గని కార్మికుడి కుటుంబమే కాదు. కాంట్రాక్టు కూలీ, లారీ డ్రైవరు, టీ కొట్టు, బడి, ఆసుపత్రి అన్నీ దాని మీదే బతుకుతున్నాయి. 1984-85 సమ్మె తర్వాత బ్రిటన్ గనులను మూసిన తీరుకు అక్కడి గని పట్టణాలు తరాల పాటు కుంగిపోయాయి. జర్మనీ ఆ పాఠం నేర్చుకుని 2038 నాటికి బొగ్గు మానేయాలని నిర్ణయించినప్పుడు, బొగ్గు ప్రాంతాలకు 40 బిలియన్ యూరోల ప్రణాళిక ముందే రాసుకుంది. మన బొగ్గు ఇంకా చాలా ఏళ్లు తవ్వుతాం. కాబట్టే అలాంటి ఏర్పాట్లు ఇప్పుడే మొదలుపెట్టడానికి వ్యవధి ఉంది. కార్మికుడి కొడుక్కి, కూతురికి ఏ పని నేర్పాలి, గని భూమిని ఏం చేయాలి, మున్సిపాలిటీ ఆదాయం ఎక్కడి నుంచి రావాలి అన్న ప్రశ్నలు గని మూసిన రోజున అడిగితే ఆలస్యమైపోయినట్టే.

మనం చేయవలసింది

దామరచర్లలో 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రం లాంటిది ఒకసారి కట్టాక అది 2060ల దాకా నడుస్తుంది. ఇవాళ మనం వేసే ప్రతి నిర్మాణ నిర్ణయం రాబోయే నలభై ఏళ్ల ఉద్గారాల మీద వేసే సంతకం. 2050లో నిలబడి ఉండే మన భవనాల్లో చాలా భాగం ఇంకా కట్టనే లేదు. ఇది మనకు భారమని కొందరు అంటారు. నేను దీన్ని మన అదృష్టమంటాను. కట్టేసినదాన్ని మార్చాలంటే ఖర్చు ఎక్కువ, కట్టబోయేదాన్ని సరిగా కట్టుకోవడానికి ఒకసారి ఆలోచిస్తే చాలు.

అందుకని కొన్ని విన్నపాలు చేస్తాను. రాష్ట్ర ప్రభుత్వాలు ప్రతి విద్యుత్ ప్రణాళికలోనూ ముందుగా సేవల లెక్క రాయాలి. ఎంతమందికి చల్లటి గది, ఎన్ని ఎకరాలకు నీళ్లు, ఎన్ని ఇళ్లకు వంట అన్నది మొదటి పేజీలో ఉండాలి, మెగావాట్లు చివరి పేజీలో ఉండాలి. మున్సిపాలిటీలు ఎండకు తగ్గ ఇళ్లకు, చల్లటి పైకప్పులకు, గాలి ఆడే గోడలకు అనుమతుల్లో ముందువరస ఇవ్వాలి. రోడ్లు వెడల్పు చేయడానికి పెట్టే డబ్బులో న్యాయమైన వాటా బస్సులకు ఇవ్వాలి. ఆర్థికవేత్తలు వృద్ధి రేటు ప్రకటించిన ప్రతిసారీ ఉద్గారాల టన్నులనూ పక్కనే ప్రకటించాలి. ఇంజనీరింగ్ విద్యార్థులు కొత్త యంత్రం తయారుచేసే ముందు పుర గ్రామానికి ఆస్ట్రా వెళ్లినట్టు, దాన్ని వాడబోయే వాళ్ల దగ్గరికి వెళ్లి అడగాలి.

పెరగాల్సిందేమిటో స్పష్టంగా తెలిసిన దేశానికి, తగ్గాల్సిందేమిటో కూడా తెలుస్తుంది. పేదవాడి ఇంట వెలుగూ నీళ్లూ చల్లదనమూ పెరగాలి. దాని కోసం మండే బొగ్గు తగ్గాలి. ఈ రెండింటినీ ఒకేసారి సాధించిన మొదటి పెద్ద వర్ధమాన దేశం మనదే కావచ్చు. ఆ అవకాశం మనం ఈ దశాబ్దంలో కట్టే ప్రతి కేంద్రం మీదా, ప్రతి ఇంటి మీదా ఆధారపడి ఉంది. దాన్ని చేజార్చుకోకూడదు.